మసి ఇసుక మీద అడుగులు

నన్ను దించి వెనక్కి తిరిగిన లారీ కనుమరుగు కావడానికి చాలాసేపు పట్టింది. మా ఊళ్లో అయితే బస్సు మలుపు తిరగ్గానే పోయినట్టు. అక్కడ మలుపు లేదు, చెట్టు లేదు, గుట్ట లేదు. లారీ చిన్నదై, అగ్గిపెట్టెంతై, ఈగంతై, చివరికి ఉందో లేదో తెలియని చుక్కై మిగిలింది. నేను సామాను పక్కన నిలబడి దాన్నే చూస్తూ, మనుషులే లేని ఈ చోట బావి ఎవరి కోసం తవ్వారా అనుకున్నాను.

అది కువైట్ మీద ఇరాక్ దండెత్తడానికి ముందు ఏడాది. నాకు ఇరవై ఆరేళ్లు. జగిత్యాల వైపు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే పని నేర్చుకుని, ఆ పని మీదే రియాద్‌లో సులై దగ్గర ఒక వర్క్‌షాపులో చేరాను. నాకు వీసా ఇచ్చి రప్పించుకున్న కఫీల్‌కి ఎడారి బావుల మీద ఇంజన్లు నడిపించే కాంట్రాక్టు ఉండేది. ఒక బావి మీదున్న పాకిస్తానీ మెకానిక్ సెలవు మీద ఇంటికి పోతే, రెండు వారాలు చూసుకోమని నన్ను పంపారు. ఆ పాకిస్తానీ తిరిగి రాలేదు. నా రెండు వారాలు నాలుగేళ్లయ్యాయి.

బావి అంటే మన దిగుడుబావి కాదు. లోతైన బోరు, దాని మీద రేకుల షెడ్డులో పెద్ద డీజిల్ ఇంజన్, పక్కన ఇనప ట్యాంకు, దాని కింద వరుసగా సిమెంటు తొట్లు. దూరంగా ఉన్న తొట్లకి నీళ్లు కొట్టడానికి ఇంకో చిన్న ఆయిల్ ఇంజన్ ఉండేది, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేది. అచ్చం మా పొలం దగ్గర ఉన్నదాని లాంటిదే. నేను ఉండటానికి ఒక రేకుల గది. వారానికోసారి లారీ వచ్చి డీజిలు, బియ్యం, పప్పు, ఉల్లిగడ్డలు దించి పోయేది.

మొదటి మూడు రోజులు ఒక్క మనిషి రాలేదు. నాలుగో రోజు పొద్దున తూర్పున దుమ్ము లేచింది. అందులోంచి గొర్రెలు బయటపడ్డాయి. ఒళ్లంతా నలుపు, మొహాలు మాత్రం సున్నం వేసినట్టు తెలుపు. వందల తెల్ల మొహాలు నా వైపే పరుగెత్తుకొస్తుంటే తొట్లు నింపాలన్న సంగతి మరిచి చూస్తూ నిలబడ్డాను. మధ్యాహ్నం ఇంకో మంద వచ్చింది, మర్నాడు ఒంటెలు వచ్చాయి. ఆ నేల ఖాళీ కాదని అప్పుడు అర్థమైంది. మనుషులున్నారు. కాకపోతే ఒక గుడారానికీ ఇంకో గుడారానికీ మధ్య పూట ప్రయాణం. గడ్డి ఎటుంటే అటు జరుగుతారు, నీళ్ల వంతుకి బావి దగ్గరికి వస్తారు.

అప్పటి నుంచి నన్ను ప్రశ్నలు పట్టుకున్నాయి. హద్దురాయి లేదు, కంచె లేదు. ఎవరి గడ్డి ఎవరిదో ఎలా తెలుస్తుంది? రెండు రోజుల దూరంలో వాన పడితే వీళ్లకి చెప్పేదెవరు? రెండు మందలు తొట్ల దగ్గర కలిసిపోతే ఎవరి గొర్రెను వాళ్లు ఎలా ఏరుకుంటారు? అడుగుదామంటే నాకొచ్చిన అరబ్బీ మాటలు నట్టు, బోల్టు, నీళ్లు, రేపు, అంతవరకే.

వాటిలో కొన్నిటికి జవాబు చెప్పిన మనిషి ఒక ముసలాయన. డెబ్బై ఏళ్లుంటాయని నా అంచనా, ఆయనకీ తెలియదు. పొట్టి మనిషి, చిన్న పాదాలు, ఎండలో కూడా పాత ఉన్ని కోటు విప్పేవాడు కాదు. మందని తొట్ల మీదికి వదిలి, బోర్లించిన డీజిల్ డ్రమ్ము మీద కూర్చుని నన్ను పరీక్షగా చూసేవాడు. నన్ను ముహందిస్ అనేవాడు. ఇంజనీరు అని అర్థం. అక్కడ పానా పట్టిన ప్రతివాడూ ముహందిసే. పెద్దవాళ్లని 'అమ్మీ' అని పిలవాలని లారీ డ్రైవర్ చెప్పాడు. వాళ్ల మాటలో అమ్మీ అంటే బాబాయి. గడ్డం ఉన్న మనిషిని అమ్మీ అని పిలవడానికి మొదట్లో నాకు నోరు రాలేదు.

ప్రశ్నలు అడగడంలో ఆయన నన్ను మించినవాడు. ఆరు నెలలకి నా అరబ్బీ కాస్త దారిలో పడ్డాక ఒకరోజు అడిగాడు.

"మీ నాన్నకి ఎన్ని ఒంటెలు?"

"ఒక్కటీ లేదు అమ్మీ. రెండు బర్రెలు."

బర్రె అంటే ఏమిటో ఆయనకి తెలియదు. ఇసుక మీద బొమ్మ గీశాను. కొమ్ములు చూసి తల ఊపాడు. ఎండాకాలం అది పగలంతా చెరువులో కూర్చుంటుందని చెప్పాను.

"తాగడానికా?"

"కాదు. ఊరికే కూర్చోవడానికి."

ఆయన ఇసుక మీది బొమ్మని మళ్లీ వంగి చూశాడు. తర్వాత, "కూర్చోవడానికి నీళ్లా!" అని, ఆ సంగతి పక్క మందవాడికి చెప్పడానికి లేచి వెళ్లాడు.

ఇంకోరోజు ఆయన వస్తూనే నా గది ముందు నేలని చూసి, "నిన్న ఎవరొచ్చారు? ఎడమ మడమ నొప్పి ఉన్నవాడు" అన్నాడు. నిన్న వచ్చింది లారీ డ్రైవర్. వాడి ఎడమ మడమలో ముల్లు విరిగిందని నా పానాల పెట్టెలోని పట్టకారుతో నేనే తీశాను. ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. చెప్పడానికి అక్కడ ఎవరున్నారు? ఆయన నన్ను కూర్చోబెట్టి చూపించాడు. ఎడమ అడుగు ముందుభాగం మాత్రమే లోతుగా దిగింది, మడమ నేలని తాకీ తాకనట్టుంది. చూపించాక అంత తేలిక. చూపించకముందు అక్కడ నాకు ఇసుక తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత నాకు అదే పని. ఇంజన్ ఆడుతుంటే కూర్చుని నేల చూసేవాణ్ని. చూలు ఒంటె వెనక కాళ్లు ఎడంగా వేస్తుంది. బరువు మోసే మనిషి అడుగు దగ్గర దగ్గరగా పడుతుంది. కొత్త జాడ అంచు పదునుగా ఉంటుంది. గాలి ముట్టుకున్నది గుండ్రబడుతుంది. ఆయన తన మందలో ప్రతి ఒంటెనీ అడుగుతో పోల్చేవాడు. ఆయన అరచెయ్యి అడ్డుపెట్టి సగం అడుగే చూపించి ఇది ఎవరిది అని అడిగితే నేను పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పేవాణ్ని. వాన కబురు సంగతి కూడా తెలిసింది. అక్కడ ఇద్దరు ఎదురుపడితే మొదట అడిగేది కబుర్లు. ఎక్కడ మబ్బు చూశావు, ఎక్కడ పచ్చ చూశావు, ఎవరు ఎటు జరిగారు. కబురు దాచడం వాళ్లలో పెద్ద తప్పు. అలా అది ఒక మంద నుంచి ఇంకో మందకి నడుచుకుంటూ పోతుంది.

మరుసటి ఏడు ఆగస్టులో ఇరాక్ దండెత్తిందన్న కబురు మాత్రం అందరికీ ఒకేసారి రేడియోలో వచ్చింది. నాలుగు రోజులకి కువైట్ వైపు నుంచి కుటుంబాలతో నిండిన కార్లు, వాటి వెనక లారీల మీద గొర్రెలు, ఆ వెనక కాలినడకన మందలు దిగాయి. ఆ తర్వాత సైన్యాలు. మా బావికి ఉత్తరంగా గంట ప్రయాణంలో ఒక మైదానాన్ని ఫిరంగుల గురి నేర్చుకోవడానికి తీసుకున్నారు. పొద్దంతా దూరంగా ఎవరో తలుపులు దబదబా వేస్తున్నట్టు చప్పుడు. నెలల తరబడి అదే.

వర్క్‌షాపు నుంచి కబురొచ్చింది, భయమైతే వచ్చెయ్యమని. వెళ్లలేదు. మందలు రెట్టింపయ్యాయి, ఇంజన్ ఆగితే రెండో రోజుకి గొర్రెలు పడిపోతాయి. నేను ఉండిపోవడానికి అదొక్కటే కారణం అంటే అబద్ధం. తర్వాత ఏమవుతుందో చూడాలన్న ఆరాటం కూడా ఉంది. ఆ వయసులో భయం కంటే అదే ఎక్కువ.

జనవరిలో ధహ్రాన్ మీద క్షిపణులు పడ్డాయి. ముసలాయన పెద్దకొడుకు అక్కడ ఉద్యోగం చేసేవాడు. పట్నం కంటే తండ్రి గుడారమే నయమని భార్యాపిల్లల్ని తీసుకొచ్చి దించి, తను డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ సంగతి నాకు తెలియకముందే ఇంకో సంగతి జరిగింది.

ఆ రోజు చల్లగా ఉంది. చిన్న ఇంజన్ మొండికేసింది. హ్యాండిల్ కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి. చివరికి అది ఎదురు తిరిగి నా మణికట్టు మీద తన్నింది. నొప్పికి నాకు ఒళ్లు తెలియలేదు.

"థూ! నీ బొందల మన్నువడ! నీకు ఏం పుట్టిందే ఇయ్యాల!" అని అరిచాను.

ట్యాంకు అవతలి నుంచి ఆడగొంతు వినిపించింది.

"ఎవురబ్బీ అది, తెలుగులో తిడతాండేది?"

నా చేతిలోంచి హ్యాండిల్ జారి కింద పడింది. ఏడాదిన్నరగా లారీ డ్రైవర్‌తో హిందీ, ముసలాయనతో అరబ్బీ. తెలుగు నాతో నేను మాట్లాడుకునేదే. ట్యాంకు చుట్టూ తిరిగి వెళ్లాను. అక్కడ ఒక పికప్ బండి, దాంట్లో నీళ్ల డ్రమ్ములు. స్టీరింగ్ వెనక ముసుగు వేసుకున్న ఒకామె. డ్రమ్ముల పక్కన నల్ల బట్టలో, మొహం తెరుచుకుని, ముప్పై అయిదేళ్ల ఇంకో ఆమె, చేతిలో రబ్బరు పైపుతో.

"ఏడికెల్లి వచ్చినవక్కా?" అన్నాను.

"మాది రాయచోటి పక్కన. ఈ యమ్మ కాడ పని చేస్తాండా. బాంబులు పడతాండాయని ఈడికి తోలకొచ్చినారు. నీ మాట సూస్తే తెలంగాణాలెక్కుండాదే?"

"జగిత్యాల దిక్కు."

"బాగుండాది. దేశంగాని దేశంలో ఈ ఇసకలో ఇద్దరం ఒకటే మాట మాట్లాడేవోళ్లం." ఆమె నవ్వింది. "ఆ ఇంజన్ని అట్ల తిట్టొద్దబ్బీ, పాపం. దానికీ సలి ఉండదా?"

బండిలో ఉన్నామె ముసలాయన కోడలు. పట్నంలో ఆడవాళ్లు బండి నడపకూడదు. ఎడారిలో మాత్రం వాళ్లే నడుపుతారు, నీళ్లు తెచ్చుకోవడం వాళ్ల పని కాబట్టి. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మేము ఏం మాట్లాడుకున్నామో చెప్పమని పనామెని అడిగింది. ఇంజన్‌ని తిట్టిన సంగతి చెబితే స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వింది.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాళ్లు. డ్రమ్ములు నిండేంతసేపు మా మాటలు. అక్కకి కూడా ఆ నేల మీద నాకున్నంత ఆశ్చర్యం ఉండేది. "ఈడ చెట్టు లేదు గదా, ఈ పిట్టలు యాడ గూడు పెడతాయబ్బీ?" అని ఒకసారి. "ఈ ముసలాయనకి పొద్దున్నే లేస్తానే వాన వాసన తగుల్తాది, నాకు తగల్దు, నీకేమన్నా తగుల్తాదా?" అని ఇంకోసారి. ఇంట్లో భర్తా, ఇద్దరు కూతుళ్లూ ఉన్నారు. భర్తకి నడుము దెబ్బతిని బరువు పని మానేశాక ఆమె బయల్దేరి వచ్చింది. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎత్తలేదు.

ఆ ఏడు వానలు మంచివి పడ్డాయి. రాళ్ల నేల మీద సన్నగా పచ్చ లేచింది. ఒకరోజు అక్క కొంగు నిండా ఆకు తెచ్చి నా ముందు విప్పింది.

"ఇదేందో చెప్పు."

వాసన చూశాను. కొరికాను. పులుపు.

"చుక్కకూర!" అన్నాను నమ్మలేక.

"అదే! ఎవురూ విత్తనం ఎయ్యలా. తనంతట తనే ల్యాచింది. ఈళ్లు దీన్ని పచ్చిదే నముల్తారంట. ఉడకేసి పప్పు చేస్తానంటే నవ్వుతాండారు. నీ కాడ కందిపప్పు ఉంటే ఇయ్యి."

ఆ మధ్యాహ్నం తిన్న పప్పు రుచి గురించి నేను రాయలేను. ముసలాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆకుని పాడుచేశారని తీర్పు చెప్పాడు.

ఫిబ్రవరి చివర యుద్ధం ఆగింది. దూరపు తలుపుల చప్పుడు ఆగింది. అయితే కువైట్‌లో నూనె బావులు తగలబడుతూనే ఉన్నాయి. గాలి ఉత్తరం నుంచి వీచిన రోజుల్లో ఆ పొగ మా మీదికి వచ్చేది. మసి సన్నటి పొడిలా రాలేది. గొర్రెల తెల్ల మొహాలు నల్లబడ్డాయి. తెల్ల ఒంటెలు బూడిదరంగుకి తిరిగాయి. తొట్లలో నీళ్ల మీద తెట్టు కట్టేది, నేను పొద్దున్నే గోనెపట్టాతో తీసేవాణ్ని. నేల మీద పల్చటి నల్ల పొర. ముసలాయన దాన్ని చూసి బాధపడతాడనుకున్నాను. మేత పాడైందని బాధపడ్డాడు కూడా. ఆ వెంటనే నన్ను పిలిచి, "ఇలా రా, చూడు" అన్నాడు. నల్ల పొర మీద అడుగు వేస్తే కింది తెల్ల ఇసుక బయటపడుతోంది. పలక మీద సుద్దతో రాసినట్టు ప్రతి జాడా మెరుస్తోంది. "నా జన్మలో నేల ఇంత గట్టిగా మాట్లాడటం వినలేదు" అన్నాడు. ఆయన అన్నమాట అదే.

మార్చి చివర్లో ఒకరోజు, ముందురోజు చినుకు పడి నేల తడిగా ఉంది. పొద్దున ఎండ బాగానే కాసింది. పదకొండు గంటలకి ఉత్తరం నుంచి పొగ వచ్చింది. అంత దట్టంగా ముందెప్పుడూ రాలేదు. సూర్యుడు ఎర్రబడి, గోధుమరంగై, పూర్తిగా పోయాడు. పట్టపగలు నా గదిలో లాంతరు వెలిగించాను. అప్పుడు పికప్ హారన్ వినిపించింది.

కోడలు నడుపుతోంది. పక్కన ముసలాయన. ఆయన దిగకుండానే అన్నాడు.

"మీ మనిషి కనపడటం లేదు. పొద్దున ఆకు కోయడానికి వెళ్లింది. ఎక్కు."

"నేనెందుకు అమ్మీ? నీకంటే నేను వెతగ్గలనా?"

"వెతకడానికి కాదు. భయపడ్డ మనిషికి తన మాట తప్ప ఇంకో మాట చెవికెక్కదు. పిలవడానికి నువ్వు కావాలి."

లాంతరు పట్టుకుని ఎక్కాను. లైట్లు వేసుకుని వెళ్లాం. బావికి ఉత్తరంగా ఉన్న వాళ్ల గుడారం దగ్గర నుంచి ఆమె చెప్పుల జాడ ఇంకా ఉత్తరంగా పోతోంది. ముసలాయన కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తూ, చేత్తో కుడి ఎడమ చూపిస్తుంటే కోడలు ఆయన చేతినే చూస్తూ నడిపింది. ఒకచోట ఆగమన్నాడు. తడిమన్ను అంటుకుని రబ్బరు చెప్పులు బరువెక్కాయి. అక్కడ ఆమె చెప్పులు విప్పి చేత పట్టుకుంది. ఆ తర్వాతంతా ఉత్తకాళ్లు. ఆకు ఉన్నచోటల్లా కూర్చుంది. ఒక్కొక్క గుబురు నుంచి ఇంకో గుబురుకి, అలా అలా దూరం పోయింది.

ఇంకాస్త ముందుకి వెళ్లేసరికి చిక్కు వచ్చింది. ఇంకో గుడారం ఆడవాళ్లు కూడా ఆ పొద్దున అక్కడికే ఆకుకి వచ్చారు. వాళ్లవీ ఉత్తకాళ్లే. జాడలన్నీ కలిసిపోయి మూడు వైపులకి చీలాయి. ముసలాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. లాంతరు దించి పట్టుకున్నాను.

"ఇదేమిటి?" అన్నాడు. ఒక అడుగులో రెండో వేలి మొదట సన్నటి గీత. "ఈ వేలికి తాడు కట్టుకుందా? దెబ్బ తగిలిందా?"

చూశాను. నాకు వెంటనే తెలిసింది.

"మెట్టె అమ్మీ. వెండి చుట్టు. మా దగ్గర పెళ్లయిన ఆడవాళ్లు కాలి వేలికి పెట్టుకుంటారు."

"వేలికా? కాలి వేలికా?" ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "రెండు కాళ్లకీనా?"

"రెండు కాళ్లకీ."

ఆయన రెండో అడుగు వెతికి చూశాడు. అక్కడా గీత ఉంది. ఆ తొందరలో కూడా ఆయన ఆ గీతని చూపుడువేలితో ముట్టుకోకుండా ఉండలేకపోయాడు. తర్వాత లేచి, మూడు దారుల్లో ఎడమదాన్ని పట్టుకున్నాడు. గీత ఉన్న అడుగులు అటే పోయాయి.

కొంచెం దూరానికి ఎర్రరంగు పూసిన డ్రమ్ము ఒకటి కనిపించింది. ఇంకో డ్రమ్ము అవతల గాలికి పడిపోయి ఉంది. కోడలు గట్టిగా బ్రేకు వేసింది. సైన్యాలు గురి నేర్చుకున్న మైదానం హద్దు అది. పేలకుండా పడిపోయినవి అందులో ఇంకా ఉన్నాయని మందల వాళ్లందరికీ తెలుసు. ముందు నెలలో అక్కడ ఒక ఒంటె పోయింది. అక్కకి ఆ డ్రమ్ముల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె అడుగులు రెండు డ్రమ్ముల మధ్యగా లోపలికి పోయాయి.

కోడలిని బండి దగ్గరే ఉండి కొద్దికొద్దిసేపటికి హారన్ కొడుతూ ఉండమన్నాడు. మేము నడుస్తూ డ్రమ్ము దాకా వెళ్లాం. నేను గొంతెత్తి పిలిచాను.

"అక్కా! ఓ అక్కా!"

మూడోసారికి లోపలి నుంచి జవాబు వచ్చింది. ఎంతో దూరం కాదు, పొగలో కనపడలేదంతే.

"అబ్బీ! రావద్దు! ఆడ్నే నిలబడుకో! ఈడంతా ఏందో డబ్బాలు పడుండాయి, నాకు భయంగా ఉండాది!"

ఆకు కోస్తూ తల దించుకునే పోయిందట. పొగ కమ్ముకున్నాక తల ఎత్తి చూస్తే దిక్కు తెలియలేదు, చుట్టూ చిన్న చిన్న ఇనప డబ్బాలు కనిపించాయి. అవేమిటో ఎవరూ చెప్పకపోయినా ఆమెకి అర్థమైంది. కదలకుండా ఒక రాళ్లకుప్ప మీద కూర్చుండిపోయింది. ఆ బుద్ధే ఆమెని కాపాడిందని ముసలాయన తర్వాత చాలామందికి చెప్పాడు.

నేను లోపలికి అడుగు వెయ్యబోతే ఆయన నా భుజం పట్టి లాగాడు.

"ఆమె అడుగు పడిన చోటు మంచిది. పడని చోటు సంగతి దేవుడికే తెలుసు. మసి రాలుతోంది, ఇంకాసేపటికి జాడ కప్పేస్తుంది. నీ కళ్లకి అది కనపడదు. నేను వెళ్తాను. నువ్వు ఇక్కడ నిలబడి ఆమెతో మాట్లాడుతూ ఉండు. ఆపకు."

కోటు పైకి కట్టుకుని, ఎడమచేత్తో లాంతరు నేలకి ఆనేట్టు పట్టుకుని, ఆయన ఆమె అడుగులో అడుగు పెట్టాడు. ఆమె అడుగులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంత దూరాలు నడిచే మనిషి నడక నేర్చుకునే పిల్లవాడిలా చిన్న చిన్న అంగలు వేస్తూ పోయాడు. నేను మాట్లాడాలి. ఏం మాట్లాడాలో తోచలేదు.

"అక్కా, చుక్కకూర పప్పుల ఎల్లిపాయ ఎప్పుడెయ్యాలె? ముందుగాల్నా, ఎనుకనా?"

ఆమె గొంతు, "ఇదేం ప్రశ్నబ్బీ ఇప్పుడు!"

"చెప్పక్కా. మొన్న నేను చేస్తే బాగ కాలేదు."

"తిరవాతలో ఎయ్యాల. ఎండుమిరపకాయ, ఆవాలు చిటపటమన్నాక, చితగ్గొట్టి ఎయ్యాల." ఆగకుండా చెప్పుకుపోయింది. "ఆకు ముందే ఎయ్యగాకు, పప్పు ఉడకదు. పులుపుకి గట్టిపడతాది."

"ఉప్పు?"

"ఆఖర్న."

లాంతరు వెలుగు చిన్నదైంది, ఆగింది, మళ్లీ కదిలింది. ఒకచోట చాలాసేపు ఆగిపోయింది. చింతచిగురు గురించి అడిగాను, గోంగూర గురించి అడిగాను, వాళ్ల ఊళ్లో రాగిసంకటి ఎలా కలుపుతారని అడిగాను. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. వెనక నుంచి హారన్ మోగుతూ ఉంది. చివరికి ఆమె, "వచ్చినాడబ్బీ, పెద్దాయన వచ్చినాడు" అంది.

"ఆయన కాలు తీసిన కాడ్నే నీ కాలు పెట్టు అక్కా. పక్కకు పెట్టకు. తొందర లేదు."

వాళ్లిద్దరూ పొగలోంచి నెమ్మదిగా బయటికి వచ్చారు. ముందు ఆయన, ఆయన కోటు చివర పట్టుకుని ఆమె. ఇద్దరి మొహాలూ మసితో ఒకటే రంగు. ఆమె కొంగులో ఆకు మూట అలాగే ఉంది. డ్రమ్ము దాటాక ఆమె నేల మీద కూర్చుండిపోయింది. కోడలు పరుగెత్తుకొచ్చి, ఆమె భుజాల మీద రెండు దెబ్బలు కొట్టి, వెంటనే కౌగిలించుకుని ఏడ్చింది. ఎక్కడికి పోయావు, నన్ను చంపుదామనుకున్నావా అని అరబ్బీలో ఒకటే తిట్లు. అక్క ఏడవలేదు. ముసలాయన ముందు నేల మీద చెయ్యి ఆనించి దండం పెట్టబోతే ఆయన గబుక్కున వెనక్కి జరిగి, నాతో, "అలా చేయొద్దని చెప్పు" అన్నాడు.

ఆయన బండి ఎక్కి లాంతరు ఆర్పాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఆ వెండి చుట్టు నడుస్తుంటే నొప్పి పెట్టదా? అడిగి చెప్పు."

అడిగాను. "పుట్టినప్పట్నుంచి కాలు ఉన్నట్టే, అదీ ఉండాది. నొప్పేముంటాది?" అంది అక్క. నేను దాన్ని అరబ్బీలోకి మార్చి చెబితే ఆయన తృప్తిగా తల ఊపాడు.

ఏప్రిల్‌లో కొడుకు వచ్చి కుటుంబాన్ని ధహ్రాన్ తీసుకెళ్లాడు. వెళ్లేముందు అక్క నా గది వైపు వచ్చి, కడిగి ఆరబెట్టిన చుక్కకూర ఒక డబ్బా నిండా ఇచ్చింది. "ఎండబెట్టినా పులుపు పోదు" అంది. ఇంకో రెండేళ్లకి ఆమె పని ముగించుకుని ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయిందని కొడుకు చెప్పాడు. కోడలే విమానాశ్రయం దాకా వెళ్లి ఎక్కించి వచ్చిందట. సులై వర్క్‌షాపుకి వెళ్లినప్పుడల్లా రాయచోటి వాళ్లు ఎవరు కనిపించినా నేను అడిగేవాణ్ని. ఒకతను ఆమెని ఎరుగుదునన్నాడు. బస్టాండు దగ్గర ఆమె, భర్త కలిసి టిఫిన్ అంగడి నడుపుతున్నారనీ, చిన్నకూతురు నర్సు చదువుతోందనీ చెప్పాడు. నేను అడిగానని చెప్పమన్నాను. చెప్పాడో లేదో తెలియదు.

మైదానాన్ని శుభ్రం చేయడానికి మనుషులు వచ్చి నెల రోజులు ఉన్నారు. ఆ ఏడాది చివరికి మంటలు ఆరిపోయాయి. గొర్రెల మొహాలు మళ్లీ తెల్లబడ్డాయి. నాలుగో ఏడు నన్ను హుఫూఫ్ దగ్గర ఖర్జూరపు తోటల్లో మోటార్ల పనికి మార్చారు. బావి దగ్గర నుంచి నేను కదిలిన రోజు ముసలాయన లేడు. ఉత్తరాన వాన పడిందని మందతో వెళ్లాడు.

చాలా ఏళ్ల తర్వాత హుఫూఫ్ బజారులో ఆయన పెద్దకొడుకు కనిపించాడు. నేను పోల్చలేదు, అతనే పోల్చాడు. తండ్రి రెండేళ్ల కిందట పోయాడని చెప్పాడు. ఆసుపత్రికి రానన్నాడట. గుడారంలోనే, మంచి పచ్చిక ఉన్న నెలలో. మందని ఏం చేశారని అడిగాను.

"గొర్రెలు మా బాబాయి కొడుకులు తీసుకున్నారు. ఒంటెలు అమ్మేశాం. నాకు వాటిని చూసుకోవడం రాదు" అన్నాడు. "నాన్న నీ గురించి చెప్పేవాడు. మీ ఊళ్లో పశువులు నీళ్లలో కూర్చుంటాయటగా? మా పిల్లలు నమ్మరు" అన్నాడు.

నిజమేనన్నాను. అతను నన్ను టీ కొట్టుకి తీసుకెళ్లాడు. ఇద్దరం నిలబడే టీ తాగాం. అతని పెద్దపిల్ల కాలేజీలో చేరిందట. నా కొడుకు అప్పటికి అయిదో తరగతి. బజారు మూసే వేళయింది. అతను తన కారు వైపు, నేను నా క్యాంపు బస్సు వైపు నడిచాం.